ఒక రోజు ఆగి తెరవాల్సిన గొట్టం

“నడిస్తే రెండు నిమిషాల దారి,” అంది ట్యాగులక్క. “బుధవారం మధ్యాహ్నం రెండూ నలభైకి గొట్టం భుజాన పెట్టుకుని ఆ కారిడార్‌లోకి వెళ్ళావు. అవతలి తలుపు దగ్గర కెమెరాలో మళ్ళీ కనపడింది రెండూ యాభై ఒకటికి. మధ్యలో తొమ్మిది నిమిషాలు ఎక్కడ మాయమయ్యావు?”

ఎదురుగా కూర్చున్న మరిది తల ఎత్తలేదు. విమానాల్లోంచి సామాను దించే లోడరు అతను. యాభై కిలోల పెట్టెని అలవోకగా లేపి పక్కన పెట్టే మనిషి, ఇప్పుడు బల్ల మీది కాగితం కప్పుని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు.

ట్యాగులక్క పద్దెనిమిదేళ్ళు ఇదే విమానాశ్రయంలో, పోయిన సామాను వెతికిపెట్టే విభాగంలో పనిచేసింది. చిరిగిన ట్యాగు ముక్క చూపిస్తే చాలు, ఆ పెట్టె ఏ విమానం ఎక్కబోయి ఏ విమానం ఎక్కిందో చెప్పేసేది. లోడర్లంతా కలిసి ఆ పేరు పెట్టారు, అదే స్థిరపడిపోయింది. ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుని ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళలో ఎవరెవరి దొంగల్నో పట్టుకుంది గానీ, సొంత చెల్లెలి మొగుడు దొంగ కాదని నిరూపించాల్సిన రోజొకటి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

గడువు సాయంత్రం నాలుగు గంటలు. షిఫ్టు మారే వేళకి పోస్టర్లు దొరక్కపోతే అతన్ని పోలీసులకి అప్పగిస్తానని సెక్యూరిటీ ఆఫీసరు తేల్చి చెప్పేశాడు. ఉద్యోగం ఎలాగూ ఊడుతుంది, దానికి జైలు తోడు. ఇప్పుడు ఉదయం పదీ పది. చెల్లెలు పొద్దుటినుంచి ఏడుసార్లు ఫోన్ చేసి, ఏడుసార్లూ మాట్లాడకుండా ఏడ్చి పెట్టేసింది.

“నన్ను వదినలా చూడకు, డిటెక్టివ్‌లా చూడు. అబద్ధం చెప్పావంటే లేచి వెళ్ళిపోతా.”

“తిన్నాను వదినా,” అన్నాడు మరిది, ఎవరో గొంతు నొక్కి చెప్పించినట్టు.

“ఏంటీ?”

“క్యారేజీ తెచ్చుకున్నా. పొద్దుట ఆరు నుంచి ఏడు విమానాలు దించాం. కడుపు మాడిపోయింది. కారిడార్ మలుపులో కెమెరా లేదు కదా అని మెట్ల మీద కూర్చుని గబగబా తినేశాను.”

“మరి ఎక్కడా ఆగలేదని ఎందుకు రాసిచ్చావు?”

“డ్యూటీలో తింటే మెమో. నాకు రెండున్నాయి. మూడోది పడితే ఇంటికే. తిన్నందుకు మెమో ఎందుకులే అని... ఇంత అవుతుందని నాకేం తెలుసు?”

ట్యాగులక్కకి నెత్తి కొట్టుకోవాలనిపించింది. పిడికెడు అన్నం దాచబోయి పదకొండు పోస్టర్ల దొంగతనం నెత్తి మీదికి తెచ్చుకున్నాడు, అమాయకుడు!

“తినేటప్పుడు గొట్టం ఎక్కడుంది?”

“ఒళ్ళో.”

“ఒళ్ళోనా?”

“నేల తడిగా ఉంది. గొట్టం మీద ఆ పెద్దావిడ చీటీ అంటించింది. ‘బాబూ, లోపల కాగితాలున్నాయి, తడి తగలనివ్వకు’ అని. చదివాక కింద పెట్టబుద్ధి కాలేదు. ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని దాని మీద క్యారేజీ పెట్టుకున్నా.”

“అటూ ఇటూ వంచావుగా? లోపల ఏమైనా జారిన చప్పుడు వచ్చిందా?”

మరిది ఆలోచించాడు. “లేదు. కర్రలా గట్టిగా ఉంది. అసలు ఏమీ కదల్లేదు.”

ఆ ముక్క ఆమె పుస్తకంలో రాసుకుంది.

జరిగింది ఇదీ. ఊళ్ళో ఒక పాత నాటక కంపెనీ ఉండేది. అందులో నలభై ఏళ్ళు తెర లాగిన ఆవిడని అందరూ తెరమ్మ అంటారు. కంపెనీ పోస్టర్లు వేసిన పెయింటరు ఎప్పుడో దేశం దాటి వెళ్ళి, అక్కడే పోయాడు. ఈమధ్య ఆయన మనవలు అటక దులుపుతుంటే పదకొండు పోస్టర్లు బయటపడ్డాయి. లోకంలో ఆ కంపెనీవి మిగిలినవి అవే. “మీరొచ్చి తీసుకెళ్ళండి” అని మనవలు కబురు పెడితే, డెబ్భై నాలుగేళ్ళ మనిషి ఒంటరిగా విమానమెక్కి వెళ్ళింది.

ఎలా తీసుకురావాలో ఫోన్‌లో చెప్పినవాడు అతుకుల మాస్టారు. పాత కాగితాలకి చిరుగులు అతికి ప్రాణం పోసే మనిషి. మడత పెట్టొద్దు, పెట్టెలో వేయొద్దు, వెడల్పాటి గొట్టంలో పెట్టు, చేత్తో పట్టుకునే విమానమెక్కు అన్నాడు. ఆవిడ అక్షరం పొల్లు పోకుండా అలాగే చేసింది. తీరా విమానం తలుపు దగ్గర, నాలుగడుగుల గొట్టం పైన అరలో పట్టదన్నారు. కోట్లు తగిలించే బీరువాలో పెట్టండమ్మా అని బతిమాలింది, అదీ నిండిపోయిందన్నారు. మూత మీద ట్యాగు అంటించి కిందికి, సామాన్లలోకి పంపించేశారు. పొడుగాటి వస్తువులు బెల్టులో ఇరుక్కుంటాయి కాబట్టి వాటిని లోడర్లే చేత్తో తెచ్చి కౌంటర్లో ఇవ్వడం ఇక్కడ పద్ధతి. ఆ తెచ్చింది మరిది.

తెరమ్మ ఇంటికెళ్ళి వెంటనే తెరవలేదు. చలిలోంచి వచ్చిన కాగితాన్ని వెచ్చటి గదిలో చప్పున తెరిస్తే చెమట పడుతుంది, ఒక రోజు ఆగి తెరవాలి అన్నాడు మాస్టారు. గురువారం మధ్యాహ్నం మూడింటికి ఆయన సమక్షంలోనే తెరిచారు. మూత మీద ట్యాగు చెక్కుచెదరలేదు. లోపల మాత్రం పాత గోడ క్యాలెండర్లు! విమానాశ్రయానికి ఫిర్యాదు రాసిపెట్టింది కూడా మాస్టారే.

తలుపు తెరుచుకుంది. “అయిందా మేడమ్, కుటుంబ సమావేశం?”

సెక్యూరిటీ ఆఫీసరు. కనపడ్డ ప్రతి డబ్బాకీ సీలు వేయిస్తాడని లోడర్లు చాటుగా సీలు దొర అంటారు. ఒకప్పుడు ట్యాగులక్క కింద పని నేర్చుకున్నవాడే.

“ఇతను తొమ్మిది నిమిషాలు తిన్నాడు. అంతే,” అంది ఆమె.

“రెండు రోజుల తర్వాత గుర్తొచ్చిందా? మొదట రాసిచ్చిన స్టేట్‌మెంట్ మీదే నిలబడాలని నాకు నేర్పింది మీరే కదా.”

ఆమెకి ఒళ్ళు మండింది. నేర్పిన మాట నిజమే, అందుకే ఇంకా మండింది.

“గొట్టం నువ్వు చూశావా?”

“ఫొటో తెప్పించుకున్నాను.”

“ఆవిడ ఇంటికి వెళ్ళలేదా?”

“దొంగ ఇక్కడుంటే అక్కడికెందుకు మేడమ్?”

“పోస్టర్లు అతని దగ్గర దొరికాయా?”

“ఇంకొకడికి అందించాడు. వాడి పేరు పోలీసులు చెప్పిస్తారు. నాలుగింటిదాకా మీ ఇష్టం.” గడియారం చూసి, ఎంతో మర్యాదగా తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

వెనకనుంచి మరిది, “వదినా, ఆ పెద్దావిడకి చెప్పు, నేను తడి తగలనివ్వలేదని,” అన్నాడు. ఆమె వెనక్కి తిరక్కుండా నడిచింది. తిరిగితే ఏడుపొస్తుందని భయం.

*

పదకొండూ నలభైకి తెరమ్మ ఇంటి తాళం పక్కింటావిడ తీసింది.

“మీరు వస్తారని చెప్పే వెళ్ళింది. పొద్దున్నే మాస్టారు కారు తెచ్చి ఎక్కించుకెళ్ళాడు. ఎక్కడికంటే చెప్పలేదు గానీ, నిన్న అంత ఏడ్చిన మనిషి మొహం ఇవాళ వెలిగిపోతోందనుకోండి!”

“ఫోన్ ఉందా ఆవిడకి?”

“ఎక్కడిదీ? అవసరమైతే నా ఫోనే. మాత్రల సంచి మరిచిపోకు తల్లీ అని నేనే చేతికిచ్చాను. మధ్యాహ్నం మూడింటి మాత్ర తప్పిందంటే గుండె పట్టేస్తుంది ఆవిడకి. మొన్న విమానంలో గంట ఆలస్యమైతేనే కళ్ళు తిరిగి పడిపోయిందట.”

మాస్టారు ఆవిడని ఎయిర్‌పోర్టుకో, పోలీసుల దగ్గరికో తీసుకెళ్ళి ఉంటాడనుకుంది ట్యాగులక్క. ఇంట్లో అడుగుపెట్టింది.

ముందు గది. ఒక చెక్క బల్ల, రెండు కుర్చీలు, గోడకి పదకొండు ఖాళీ చట్రాలు. పది చట్రాలు వరసగా పైన ఉన్నాయి. పదకొండోది మాత్రం వాలు కుర్చీ పక్కన, కూర్చుంటే కంటికి ఎదురుగా వచ్చేలా కిందికి ఉంది. అది ఎందుకో నిన్న ఇక్కడికి వచ్చినప్పుడు తెరమ్మే చెప్పింది. “పోస్టర్ మీద అందరి పేర్లూ ఉంటాయమ్మాయ్, తెర లాగేదాని పేరెవడేస్తాడు? ఆ ఒక్కదాంట్లో మాత్రం మూలన తాడు పట్టుకున్న చెయ్యి వేశాడు పెయింటరు. ఆ చెయ్యి నాది. గాజుల పైన కాలిన మచ్చ కూడా వేశాడు మహానుభావుడు.” అని తన చెయ్యి చూపించింది. మచ్చ ఇంకా ఉంది.

ట్యాగులక్క బల్ల మీది గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుంది. తీసిన క్యాలెండర్ల చుట్టని మళ్ళీ అందులోకి తోసి, మూత పెట్టి, నెమ్మదిగా వంచింది. దబ్ మని లోపల ఏదో జారి అడుగున తగిలింది.

కర్రలా గట్టిగా ఉంది, అసలు ఏమీ కదల్లేదు అన్నాడు మరిది.

తెరమ్మ రెండు చివర్లా పాత ఎర్ర తెర గుడ్డ ముక్కలు కూరానని చెప్పింది. పై మూత కింద ఒక ముక్క ఉంది. అడుగున చెయ్యి పెట్టి తడిమితే ఖాళీ. రెండో ముక్క లేదు.

చుట్టని తీసి వెలుతురులో విప్పింది. విప్పుతూ విప్పుతూ చేతులు ఆగిపోయాయి. పదకొండు పాత క్యాలెండర్లు. ప్రతి రెంటి మధ్యా పల్చటి తెల్ల కాగితం. అంచులన్నీ కోసినట్టు సమానంగా ఉన్నాయి. బొమ్మ బయటి వైపుకి చుట్టారు. రబ్బరు బ్యాండు లేదు, దారం లేదు. వేలెడు వెడల్పు నూలు నాడా, ముడి కాగితం అంచు మీద పడకుండా మధ్యలో వేసి ఉంది.

పాత రంగు లోపలికి చుడితే నలిగి రాలుతుందని, బొమ్మ బయటికే ఉండాలని, దారమైతే కాగితాన్ని కోస్తుందని, నాడాయే కట్టాలని తెరమ్మకి చెప్పిందెవరు?

దొంగకి తొందర. చెత్త కాగితాలు దొరికితే కుక్కి పారిపోతాడు. క్యాలెండర్లకి ఇంత సేవ చేసే దొంగ ఎక్కడుంటాడు? నలభై ఏళ్ళుగా కాగితాన్ని ఇంకోలా చుట్టడం చేతకాని చెయ్యి అది. బుర్ర దొంగతనం చేస్తున్నా చెయ్యి మాత్రం తన ఉద్యోగం తాను చేసుకుపోయింది.

ఆమె గొట్టాన్ని తలకిందులు చేసింది. అందరూ ట్యాగు ఉన్న పై మూతే చూశారు. గొట్టానికి అడుగు కూడా ఉంటుందని ఎవరికీ తట్టలేదు, ఇన్నాళ్ళు ట్యాగులు చదివిన తనకి కూడా నిన్న తట్టలేదు. అడుగున గుండ్రటి అట్ట బిళ్ళ. దాని చుట్టూ పాత గోధుమరంగు జిగురు సన్నగా కోసి ఉంది. కోసిన చోట కొత్తగా తెల్లటి జిగురు. గోటితో గీరితే పైన పెళుసుగా, లోపల ఇంకా మెత్తగా ఉంది. వాసన చూసింది. పుల్లగా, ఉడికించిన పిండి వాసన. పాత కాగితాలు అతికేవాళ్ళు సీసా జిగురు వాడరు, పిండి ఉడకబెట్టుకుంటారు.

మోకాళ్ళ మీద కూర్చుని బల్ల కింద వెతికింది. కుర్చీ కాలి పక్కన గింజంత తెల్లటి చుక్క ఎండిపోయి ఉంది. దానికి అతుక్కుని ఒక ఎర్ర పోగు.

“ఏవండీ!” అని కేకేసింది. పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చింది. “బుధవారం సాయంత్రం ఈ ఇంటికి ఎవరొచ్చారు?”

“ఎవరూ రాలేదే. మాస్టారొక్కడే వచ్చాడు, ఆరింటికి. గొట్టం పడుకోబెట్టారా నిలబెట్టారా అని చూసిపోవడానికి. ‘బడలికగా ఉన్నారు, తలంటుకుని కాసేపు పడుకోండి, నేను కూర్చుంటాను’ అన్నాడట. మంచివాడు, పాపం. ఏడూ పావుకి వెళ్ళాడు.”

“చేతిలో ఏముంది?”

“ఎప్పుడూ ఉండేదే, ఆ పొడుగాటి గుడ్డ సంచి. భుజానికి.”

“వచ్చేటప్పుడూ ఉందా, వెళ్ళేటప్పుడూ ఉందా?”

“రెండుసార్లూ ఉంది. ఏం?”

ట్యాగులక్క గొట్టం అడుగు వైపు మళ్ళీ చూసింది. ఒక రోజు ఆగమన్నది కాగితం కోసం అయితే కావచ్చు. ఆ ఒక రోజూ మాస్టారికి పనికొచ్చింది. ఆగినందువల్లే నింద విమానం మీద పడింది, విమానం దించినవాడి మీద పడింది. మాస్టారి దుకాణానికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. నాలుగుసార్లు చేసింది, నాలుగుసార్లూ అంతే. గొట్టాన్నీ చుట్టనీ చంకన పెట్టుకుని, ఆ జిగురు చుక్కని పోగుతో సహా కవర్లోకి గీకి తీసుకుని పరుగెత్తింది.

*

దారంతా వాహనాలు నిలిచిపోయి, సీలు దొర గదికి చేరేసరికి రెండూ అయిదు.

అతను అంతా విన్నాడు. గొట్టం అడుగు కూడా చూశాడు. చూసి, కుర్చీలో వెనక్కి వాలాడు.

“పిండి జిగురు ఎవరైనా ఉడికించుకోవచ్చు. మీ మరిది ఇంట్లో పొయ్యి లేదా?”

“తొమ్మిది నిమిషాల్లో, మెట్ల మీదా?”

“ఆ తొమ్మిది నిమిషాలూ తిన్నాడో లేదో అతనికే తెలియాలి.”

“ఎర్ర పోగు ఆవిడ ముందు గదిలో దొరికింది. మార్చింది అక్కడే.”

“ఆవిడ ఇల్లు, ఆవిడ తెర గుడ్డ. ఆవిడ ఇంట్లో ఆవిడ గుడ్డ పోగు దొరకడం కూడా సాక్ష్యమేనా మేడమ్? మా ఇంట్లో వెతికితే మా ఆవిడ చీర పోగులు బోలెడు దొరుకుతాయి.”

“ఈ క్యాలెండర్లు చుట్టిన తీరు చూడవయ్యా!”

“చూశాను. దొంగ శుభ్రమైన మనిషి. కాగితం చుట్టడం బాగుందని ఒకర్ని అరెస్టు చేయించనా? నాకూ ఉద్యోగం కావాలి.”

అద్దం అవతల గదిలో మరిది లేచి నిలబడి ఇటే చూస్తున్నాడు. మాటలు వినపడవు అతనికి. ఆమె చేతిలో గొట్టం చూసి, అంతా అయిపోయింది, వదిన గెలిచింది అనుకుంటున్నట్టున్నాడు. మొహంలో ఆ ఆశ చూసి ట్యాగులక్క కళ్ళు దించేసుకుంది.

రెండూ పన్నెండుకి ఆమె ఫోన్ మోగింది. తెలియని నంబరు.

“అమ్మాయ్, నేను తెరమ్మని.”

ఆమె చప్పున స్పీకరు నొక్కింది. “అమ్మా! ఎక్కడున్నారు?”

“ఎయిర్‌పోర్టులోనే. లోపల, విమానం ఎక్కే గేటు దగ్గర కూర్చున్నా. మాస్టారి ఫోన్‌తో చేస్తున్నా. పెయింటరు చెల్లెలి ఇంట్లో అవే పోస్టర్లు ఇంకో జత ఉన్నాయట! మాస్టారు కనుక్కున్నాడు. ఆ చెయ్యి ఉన్నది కూడా ఉందట. ఇద్దరం వెళ్తున్నాం. నీకెందుకు చేశానంటే, ఆ లోడరు అబ్బాయిని వదిలెయ్యమను తల్లీ. నా గొట్టాన్ని పసిపిల్లలా తెచ్చిచ్చాడు. అలాంటివాడు తియ్యడు.”

సీలు దొర బుర్ర గోక్కున్నాడు.

ట్యాగులక్క ఫోన్ దగ్గరికి వంగింది. “మీ చేతిలో ఏముందమ్మా?”

“మళ్ళీ గొట్టమే!” అని తెరమ్మ నవ్వింది. “మాస్టారివి ఏవో పటాలట, అక్కడెవరికో ఇవ్వాలట. ఆయన పట్టుకెళ్తే సవాలక్ష అడుగుతారు, మీరైతే మొన్ననే తెచ్చినవారు, మీకు తెలుసు, మీ పేరున తీసుకురండి అన్నాడు. ఒళ్ళో పెట్టుకున్నా. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.”

“మాస్టారు ఎక్కడున్నారు?”

“పక్కనే ఉన్నాడు.”

పక్కనే ఉన్నాడు! ఒక్క మాట తేడాగా అంటే వింటాడు. ట్యాగులక్క మామూలుగా మాట్లాడటానికి ఉన్న శక్తంతా కూడదీసుకుంది. “అమ్మా, నా కోసం ఒక్క పని. ఆ గొట్టం ఒక్కసారి తెరిచి చూడండి. ఇప్పుడే.”

“అయ్యో, ఇప్పుడా? ఇక్కడ ఏసీకి చేతులు కొంకర్లు పోతున్నాయి. కాగితానికి చెమట పడుతుంది కదే! పైగా పరాయివాళ్ళ వస్తువు. నావే పోగొట్టుకున్నదాన్ని, ఇంకొకరివి పాడుచెయ్యనా? దిగాక ఒక రోజు ఆగి, అప్పుడు తెరుస్తాంలే.”

“అమ్మా, అవి పరాయివి కావు, అందులో ఉన్నవి...”

“నమస్కారమండీ డిటెక్టివ్ గారూ.” మెత్తటి మగ గొంతు. ఫోన్ చేతులు మారిపోయింది. “పెద్దావిడని కంగారు పెట్టకండి, గుండె జబ్బు మనిషి. ఆవిడ మాత్రల సంచి కూడా నా దగ్గరే పెట్టుకున్నాను. మూడింటి మాత్ర నేనే చూసుకుంటాను. పిలుస్తున్నారు, ఉంటాను మరి.”

ఫోన్ తెగింది. మళ్ళీ చేసింది. స్విచ్ ఆఫ్.

“ఎంత శ్రద్ధ చూడండి!” అన్నాడు సీలు దొర. అన్నాడే గానీ, ఆమె మొహం చూసి నవ్వు ఆపేశాడు.

“ఆ గొట్టంలో ఉన్నవి ఆవిడ పోస్టర్లే. ఆవిడ చేతే దాటిస్తున్నాడు. ఆపించు. నీ కాళ్ళు పట్టుకోమంటావా? నువ్వు నా దగ్గర పనిచేసిన రోజుల్లో నేను నిన్ను ఏదీ అడగలేదు. ఇది అడుగుతున్నా.”

అతను స్క్రీన్ మీద ఆవిడ పేరు వెతికి గేటుకి ఫోన్ చేశాడు, మూడోసారికి గానీ ఎవరూ ఎత్తలేదు. ఆమాత్రం మనిషితనం ఉంది. విన్నాడు, “ఊఁ” అన్నాడు, మళ్ళీ విన్నాడు. స్క్రీన్ తిప్పుకుని ఏదో చూశాడు. ఫోన్ నెమ్మదిగా పెట్టేశాడు.

“ఇద్దరూ ఎక్కేశారు. గొట్టం పైన పట్టలేదు, కిందికి పంపారు. ట్యాగు పెద్దావిడ పేరున ఉంది. ఆవిడే స్వయంగా ఇచ్చింది, ‘నెమ్మదిగా పెట్టండి’ అని మరీ చెప్పిందట. తలుపులు వేసేశారు.”

“తెరిపించు.”

“ఏమని? సొంతదారు తన పేరున తన వస్తువు తీసుకెళ్తే దొంగతనం ఎలా అవుతుంది? అవి పోస్టర్లే అని మీరంటున్నారు. ఎవరు చూశారు?”

“అక్కడ దిగాక?”

“దేశం దాటాక నా మాట ఎవడు వింటాడు మేడమ్?” మొదటిసారి అతని గొంతులో వెటకారం లేదు. “ఇంకో సంగతి. ఇద్దరికీ టికెట్లు తీసింది ఆయనే. ఆయనకి వచ్చే శుక్రవారం తిరుగు టికెట్ ఉంది. ఆవిడకి లేదు.”

ఆవిడ తిరిగొచ్చి నోరు విప్పితే తప్ప మరిది బయటపడడు. తిరిగి రావడానికి ఆవిడకి టికెట్టే లేదు. పద్దెనిమిదేళ్ళు దారి తప్పిన పెట్టెల్ని వెనక్కి రప్పించిన మనిషి, కిటికీ దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయింది. విమానం వెనక్కి జరిగింది, తిరిగింది, వరసలో నిలబడింది, కదిలింది. ఆమె చెయ్యి అద్దం మీద ఉంది. అది తప్ప చేయగలిగింది ఏమీ లేదు.

వెనక తలుపు చప్పుడైంది. మరిది బయటికి వచ్చేశాడు, ఎవరూ ఆపలేదు.

“వదినా, దొరికాయా?”

“దొరికాయి,” అంది ఆమె.

“నిజంగా! ఎక్కడున్నాయి?”

ఆమె వేలు చూపించింది. అతను కిటికీలోంచి ఆకాశంలోకి చూశాడు, మళ్ళీ ఆమె మొహంలోకి చూశాడు. ఆమె జేబులో ఫోన్ ఎనిమిదోసారి మోగుతోంది, చెల్లెలే. గోడ గడియారంలో రెండూ యాభై. మూడింటి మాత్రకి ఇంకా పది నిమిషాలుంది.